ఉరి తీయకపోతే పద్నాలుగేళ్లకి బయటికొచ్చేస్తాడా?

"ఉరి తీయకపోతే ఏముంది, పద్నాలుగేళ్లు జైల్లో మన డబ్బులతో తిని కూర్చుని బయటికొచ్చి మళ్లీ మన మధ్యే తిరుగుతాడు." ఈ మాట నేను బెంగళూరులో ఎన్ని చోట్ల విన్నానో లెక్కలేదు, ఆఫీసు క్యాబ్‌లో, మారతహళ్లి ఆంధ్రా మెస్‌లో టీవీ కింద కూర్చుని, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అయితే నెలకోసారి. ఈమధ్య మా బావ నోటి నుంచి విన్నాను. పాప కాలేజీ అడ్మిషన్ పని మీద నరసరావుపేట నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు, రాత్రి భోజనాల దగ్గర ఏదో హత్య కేసులో యావజ్జీవం వేశారని వార్త వస్తే చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టారు. "నువ్వు లా చదివావు కదా బామ్మర్దీ, చెప్పు, ఇదేం న్యాయం?" అని. లా చదివాను నిజమే గానీ నా పని కంపెనీ కాంట్రాక్టులు చదవడం, కోర్టు గేటు చూసేది తక్కువ. కానీ ఈ టాపిక్ మీద మాత్రం కాలేజీ రోజుల నుంచి పిచ్చి ఉంది, అందుకే ఆయనకి చెప్పిందీ చెప్పడం కుదరందీ కలిపి ఇక్కడ రాసేస్తున్నా.

ముందు ఆ పద్నాలుగేళ్ల సంగతి. మన చట్టంలో ఎక్కడా యావజ్జీవం అంటే పద్నాలుగేళ్లు అని లేదు. 1961లోనే సుప్రీం కోర్టు ఇది తేల్చేసింది, ఆ కేసు వేసింది ఎవరో కాదు, గాంధీ హత్య కేసులో యావజ్జీవం పడిన గోపాల్ గాడ్సే. శిక్ష తగ్గింపులన్నీ కలుపుకుంటే నా టైం అయిపోయింది వదిలేయండి అన్నాడు, కోర్టు కుదరదంది, యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతవరకు, మధ్యలో ప్రభుత్వం దయతలిచి తగ్గిస్తే తప్ప. మరి పద్నాలుగు ఎక్కడిది అంటే 1978లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఎ అని ఒక సెక్షన్ పెట్టారు, ఉరి కూడా పడే అవకాశమున్న నేరానికి యావజ్జీవం పడినవాణ్ణి కనీసం పద్నాలుగేళ్లు గడవకుండా వదలడానికి వీల్లేదని. అంటే అది ఇంతకన్నా ముందు తలుపు తీయొద్దు అని పెట్టిన గడి, జనం దాన్నే తలుపు తీసే రోజు అనుకున్నారు. అయితే రాష్ట్ర ప్రభుత్వాలు కూడా చాలాకాలం దాదాపు అలాగే నడిపాయి, గాంధీ జయంతికి ఇంతమంది, రిపబ్లిక్ డేకి ఇంతమంది అని విడుదల చేయడం మనందరికీ తెలుసు, కాబట్టి బావని ఒక్కణ్ణే అనడానికి లేదు.

నిజానికి ఒకప్పుడు హత్య చేస్తే ఉరే మామూలు. మెకాలే కమిషన్ 1837లో ముసాయిదా రాసిన పీనల్ కోడ్ 1860లో చట్టమై 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతోపాటు నడిచిన 1898 నాటి ప్రొసీజర్ కోడ్‌లో రూల్ ఏంటంటే, జడ్జి గారు హంతకుడికి ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో కారణం రాయాలి. చంపడానికి కారణం అక్కర్లేదు, బతకనివ్వడానికే సంజాయిషీ! స్వాతంత్ర్యం వచ్చాక 1955లో ఆ రూల్ తీసేశారు, 1973 కోడ్‌లో పూర్తిగా తిప్పేశారు, ఉరి వేస్తే ప్రత్యేక కారణాలు రాయాలని. వీటికి ముందే 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అసలు ఉరిశిక్ష రద్దు చేయడానికే నేను మొగ్గు చూపుతానన్నారు, కానీ రాజ్యాంగంలో ఆ మాట చేరలేదు, పార్లమెంటుకి వదిలేశారు, పార్లమెంటు ఇప్పటిదాకా వదిలేసే ఉంది.

కొత్త కోడ్ 1974 ఏప్రిల్‌లో అమల్లోకి రావడానికి నెలన్నర ముందు, ఫిబ్రవరిలో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీం కోర్టు తీర్పిచ్చింది, ఈడిగ అనమ్మ కేసు. పల్లెటూరి ఆడమనిషి, చిన్న వయసు, మామగారు కొట్టి తరిమేస్తే బిడ్డని తీసుకుని పుట్టింటికి చేరింది, తర్వాత ఒకతనితో సంబంధం, ఆ అసూయలో ఇంకో ఆడమనిషినీ ఆమె బిడ్డనీ చంపేసింది. నేరం ఘోరమే, అందులో వాదన లేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆమెకి ఉరి రద్దు చేసి యావజ్జీవం వేస్తూ, ఆమె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఏం అనుభవించింది, రెండేళ్లకి పైగా ఉరి భయంతో గదిలో ఎలా కూర్చుంది అన్నవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. నేరాన్నే కాదు మనిషిని కూడా చూడాలి అన్న ఆలోచన 1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి దగ్గర "అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన కేసు"లోనే ఉరి అనే సూత్రంగా స్థిరపడింది. నలుగురు ఉరి రాజ్యాంగబద్ధమే అన్నారు, జస్టిస్ భగవతి ఒక్కరు కాదన్నారు, ఉరి పడేది కొసకి బీదవాళ్లకే అని ఆయన రాసింది నాకు ఇప్పటికీ కొట్టేయలేని పాయింటు.

కానీ చూడండి, అనమ్మ బతికిన మరుసటి ఏడాదే, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్యని, కిష్టాగౌడ్‌ని ఉరి తీశారు. ఆదిలాబాద్ నక్సలైట్ రైతులు, ఎమర్జెన్సీ టైం, కన్నబిరాన్ లాంటి లాయర్లు చివరిదాకా కొట్లాడారు. దేశం నోరు మూసి ఉన్నప్పుడు పని ఎంత చకచకా అవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇదంతా చెప్తుంటే బావ ఊరుకుంటారా. "మరి చిలకలూరిపేట బస్సు?" అన్నారు. నరసరావుపేట మనిషికి ఆ పేరు వేరుగా వినపడుతుంది, పక్క ఊరే కదా. 1993 మార్చి 8, హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట వెళ్లే ఆర్టీసీ బస్సులో దోపిడీకి ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లు పెట్రోలు పోసి నిప్పు పెట్టారు, 23 మంది చచ్చిపోయారు. ఉరి పడింది, 1996లో సుప్రీం కోర్టు ఖాయం చేసింది, రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు, 1997 మార్చిలో రాజమండ్రి జైల్లో అంతా సిద్ధమయ్యాక చివరి గంటల్లో ఆగింది. వాళ్లు దళితులు, పేదవాళ్లు, దోపిడీకి వెళ్లారేగానీ అంతమందిని చంపాలని కాదు అని పౌరహక్కుల వాళ్లు, రచయితలు పెద్ద ఉద్యమం చేశారు, 1998లో కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు. "23 మందిని బూడిద చేస్తే క్షమించడమేంటి?" అని బావ కోపం. ఆ కోపాన్ని నేను తీసిపారేయను, ఆ బస్సులో ఎక్కినవాళ్లు ఆయన ఏరియా జనం. కానీ నా బుర్ర వేరే చోట ఆగిపోయింది, అవే ఫైళ్లు, అదే నేరం, అవే ఇద్దరు, రాష్ట్రపతి భవన్‌లో మనిషి మారాడు, ఇద్దరూ బతికారు. శర్మ గారి పదవీకాలం ఇంకో ఏడాది ఉండుంటే?

ఇలాంటిదే ఇంకా దారుణమైనది ఉత్తరప్రదేశ్‌ది, 1982 హర్బన్స్ సింగ్ కేసు. ఒకే నేరంలో ముగ్గురికి ఉరి, ముగ్గురూ విడివిడిగా సుప్రీం కోర్టుకి వెళ్లారు, వేర్వేరు బెంచీల ముందు పడ్డారు. ఒకడికి యావజ్జీవంగా తగ్గింది, ఒకడిని 1981 అక్టోబర్‌లో ఉరి తీసేశారు, మూడోవాడి కేసు విచారణకొచ్చినప్పుడు గానీ జడ్జీలకే ఈ సంగతి తెలియలేదు. ఉరి మీద నా అభ్యంతరం మొత్తం ఇక్కడే ఉంది. చంపొచ్చా చంపకూడదా అన్న ధర్మసందేహం తర్వాత, ముందు కనీసం ఒకే తప్పుకి ఒకే శిక్ష పడుతుందని గ్యారంటీ ఇవ్వండి. మహారాష్ట్రలో సంచార తెగకి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీం కోర్టే ఉరి వేసింది, 2019లో అదే సుప్రీం కోర్టు వీళ్లు అసలు నేరం చేయనేలేదు పొమ్మంది, పదహారేళ్లు జైల్లో పోయాక మనిషికి అయిదు లక్షలు. ఆ మధ్యలో ఉరి తీసేసి ఉంటే ఆ అయిదు లక్షలు ఎవరికిచ్చేవాళ్లు?

బావ రెండో కంప్లైంటు, ఉరి వేసినా తీయడానికి ఇరవయ్యేళ్లు పడుతుందని. ఇందులో మాత్రం ఆయనతో సగం ఏకీభవిస్తా. 1983 ఫిబ్రవరిలో తమిళనాడు నుంచి వచ్చిన వతీశ్వరన్ కేసులో మన తెలుగు జడ్జి జస్టిస్ చిన్నపరెడ్డి, ఉరి పడ్డాక రెండేళ్లు దాటి అమలు కాకపోతే ఇక తీయకూడదు, యావజ్జీవంగా మార్చాల్సిందే అన్నారు, అనమ్మ తీర్పులోని ఆ రెండేళ్ల భయం సంగతి కూడా గుర్తుచేశారు. నెలన్నర తిరక్కముందే ఇంకో బెంచి అలా లెక్క కట్టడం కుదరదంది, 1989లో త్రివేణీబెన్ కేసులో అయిదుగురు జడ్జీలు రెండేళ్ల రూలుని పూర్తిగా కొట్టేశారు. అయితే అసలు ఐడియా చావలేదు, 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో క్షమాభిక్ష మీద అకారణంగా ఏళ్ల తరబడి కూర్చుంటే ఉరి తగ్గించొచ్చని 15 మందికి తగ్గించారు. నెల లోపే దాని ఫలం రాజీవ్ గాంధీ కేసుకి అందింది.

రాజీవ్ కేసు గురించి చెన్నైలో ఉన్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. 1998 జనవరి 28న పూందమల్లిలోని టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు ఒకేరోజు 26 మందికి, అంటే విచారణ ఎదుర్కొన్న నిందితులందరికీ, ఉరి వేసింది. ఏడాదిన్నర లోపే సుప్రీం కోర్టు అందులో 19 మందిని విడుదల చేసేసింది, ఉరి నలుగురికే మిగిలింది. 26కి నాలుగు! కింది కోర్టు, పై కోర్టు చూసింది ఒకటే కేసేనా అనిపిస్తుంది. ఆ నలుగురిలో నళినికి 2000లో తగ్గించారు, మిగతా ముగ్గురి క్షమాభిక్ష 11 ఏళ్లు నాన్చి 2011లో తిరస్కరించి సెప్టెంబర్ 9కి ముహూర్తం పెట్టారు, మద్రాస్ హైకోర్టు స్టే ఇచ్చింది, 2014లో యావజ్జీవం అయింది. ఆ ముగ్గురిలో ఒకడు, పంతొమ్మిదేళ్లప్పుడు అరెస్టయిన పేరరివాళన్ 2022 మేలో బయటికొచ్చాడు, ఆ కేసులో జైల్లో మిగిలిన ఆరుగురు అదే ఏడాది నవంబర్‌లో. ఆ పేలుడులో రాజీవ్‌తో పాటు చచ్చిపోయిన పోలీసుల, మామూలు జనం ఇళ్లలో దీన్ని ఎలా తీసుకుని ఉంటారో కూడా నేను ఆలోచిస్తా, వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు రెండు వైపులా తక్కువే.

ఇక మా బెంగళూరు. బావకి నేను చెప్పాలనుకున్న అసలు సంగతి ఇదే, ఆయన సమస్యకి జవాబు పుట్టింది ఇక్కడి రిచ్మండ్ రోడ్డు ఇంట్లో జరిగిన హత్య నుంచి. స్వామి శ్రద్ధానంద అని చెప్పుకునే మనిషి ఆస్తి కోసం భార్యని మత్తిచ్చి ప్రాణముండగానే ఇంటి ఆవరణలో పాతిపెట్టాడు, 1991లో. మూడేళ్లకి బయటపడింది. ట్రయల్ కోర్టు, హైకోర్టు ఉరి అన్నాయి, సుప్రీం కోర్టులో ఇద్దరు జడ్జీలకి పడలేదు, ఒకరు ఉరి, ఒకరు వద్దు. 2008లో ముగ్గురి బెంచి ముందుకొచ్చింది. అక్కడ జస్టిస్ అఫ్తాబ్ ఆలం నిజాయితీగా ఒక మాట ఒప్పుకున్నారు, ఉరి వేస్తే మరీ ఎక్కువ, యావజ్జీవం వేస్తే ఆచరణలో పద్నాలుగేళ్లే కాబట్టి మరీ తక్కువ, ఈ రెండే ఉంటే కోర్టు ఉరి వైపు జారిపోయే ప్రమాదం ఉంది అని. అంటే మా బావ అనుమానమే జడ్జీలని కూడా ఉరి వైపు తోస్తోందన్నమాట! అందుకని మధ్యలో ఒకటి పెట్టారు, చచ్చేదాకా జైలే, తగ్గింపులు లేవు. 2015లో రాజీవ్ కేసు ముద్దాయిల విడుదల గొడవ రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్లినప్పుడు ఇది చెల్లుతుందా అని కూడా చూశారు, ముగ్గురు చెల్లుతుందన్నారు, ఇద్దరు కాదన్నారు, హైకోర్టు, సుప్రీం కోర్టు మాత్రమే ఇలాంటి శిక్ష వేయగలవని తేల్చారు. 2013 తర్వాత అత్యాచారం సెక్షన్లలో అయితే పార్లమెంటే "మిగిలిన జీవితకాలం మొత్తం" అని రాసేసింది.

నేనైతే ఈ మధ్య దారి వైపే ఉన్నా, అలాగని ఇదేదో దయగల శిక్ష అని చెప్పను. ఆ శ్రద్ధానంద ఎనభై దాటాక 2024లో కూడా సుప్రీం కోర్టు తలుపు తట్టాడు, తెరుచుకోలేదు. ఇంకో బెంగళూరు కేసులో, 1998 నాటిది, ఉరి పడ్డ ఖైదీని బెళగావి హిండలగ జైల్లో పదేళ్లు ఒంటరిగా పెట్టారు, అది చట్టవిరుద్ధమని 2022 నవంబర్‌లో సుప్రీం కోర్టు ఉరి రద్దు చేసి కనీసం 30 ఏళ్ల జైలు వేసింది.

బావ కొంచెం తగ్గారు, కానీ "దిశ కేసులో చేసినట్టు చేస్తే ఏ కోర్టూ అక్కర్లేదు" అని చివర్లో ఒకటి వదిలారు. 2019 డిసెంబర్‌లో ఆ ఎన్‌కౌంటర్ రోజు పోలీసుల మీద పూలు చల్లినవాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు, వారం తిరిగేసరికి ఆంధ్ర అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు, ఉరి అని బిల్లు పాస్ చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఆ ఎన్‌కౌంటర్ కథని నమ్మలేమని రిపోర్టిచ్చింది, అది చూపిస్తే బావ ఫోన్ తీసుకుని మౌనంగా చదివి "చూద్దాంలే" అన్నారు.

ఆయన ఊరెళ్లిపోయాక నేను వెతుక్కున్నది వేరు. 2015లో లా కమిషన్ ఉగ్రవాద కేసులు తప్ప మిగతావాటికి ఉరి రద్దు చేయమంది, ఎవరూ పట్టించుకోలేదు, 2022లో కింది కోర్టులు 165 ఉరిశిక్షలు వేశాయి, అందులో 38 అహ్మదాబాద్ పేలుళ్ల కేసులో ఒక్కరోజే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు 2024 జులై నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 472 సెక్షన్ చదివారా ఎవరైనా? క్షమాభిక్షకి ముప్పై రోజుల గడువు పెట్టారు, అది మంచిదే అనుకుందాం, కానీ కింద ఇంకోటి ఉంది, రాష్ట్రపతి ఆ నిర్ణయానికి ఎలా వచ్చారన్నది ఏ కోర్టూ విచారించకూడదట. 2014లో ఆ 15 మందీ, తర్వాత రాజీవ్ కేసు ముగ్గురూ బతికింది సరిగ్గా అలా విచారించడం వల్లే. దీన్ని సుప్రీం కోర్టు ఎలా చదువుతుందో, రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని ఒక మామూలు చట్టం ఇలా కట్టేయగలదా అన్నది లాయర్లు ఎవరైనా ఉంటే కింద రాయండి, నా వరకు కట్టేయలేదనే అనుకుంటున్నా.