అయిదు గంటలకు వచ్చిన కూలీలు

బైబిల్లో మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ద్రాక్షతోట కథను పాలమూరు వాళ్లకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పొద్దుగాల సద్దిగిన్నె పట్టుకొని లేబర్ అడ్డా మీద నిలబడ్డవాళ్లకు అది తెలిసిన సంగతే. మేస్త్రీ బండి ఆగగానే పదిమంది చుట్టుముడతారు. కండ ఉన్నవాణ్ణి, ముఖపరిచయం ఉన్నవాణ్ణి ఎక్కించుకొని పోతాడు. ఎండ ఎక్కేసరికి మిగిలేది ముసలోళ్లు, చెయ్యో కాలో దెబ్బతిన్నోళ్లు, చంకలో పిల్లతో వచ్చిన ఆడోళ్లు.

కథలో సాయంత్రం అయిదింటికి తోట యజమానికి కనబడినవాళ్లు కూడా అలాంటివాళ్లే అయ్యుంటారు. ఊరకనే ఎందుకు నిలబడ్డారంటే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదన్నారు. తెల్లారి వచ్చినవాళ్లు దేనారానికి బేరం కుదుర్చుకొని దిగారు. తొమ్మిదింటివాళ్లకు 'ఏది న్యాయమో అది ఇస్తాను' అన్న మాటైనా దక్కింది. వీళ్లకు అదీ లేదు, 'మీరు కూడ వెళ్లుడి' అంతే. దేనారమంటే అప్పట్లో ఒక రోజు కూలి. పొద్దుగూకినాక అందరికీ అదే దేనారం ఇచ్చాడు. గంట పనికి గంట కూలే ఇచ్చుంటే లెక్క సరిపోయేది, ఇంట్లో పొయ్యి మాత్రం వెలిగేది కాదు.

నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్ల నాడు సంఘంలో చేరిన మన ముత్తాతల్లో ఎక్కువమంది ఊరిబయట వాడల్లో బతికిన కూలీలే. చూపించుకోవడానికి వాళ్ల దగ్గర ఏ లెక్కా లేదు. ఇప్పుడేమో సండే స్కూల్ పిల్లలు 'కృపచేతనే రక్షణ, క్రియలవలన కాదు' అనే ఎఫెసీ 2:8,9 గడగడా అప్పజెబుతుంటే పైన తిరిగే ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో దాతల పేర్లు! కోత పండుగ నాడు మైకులో ఎవరెంత ఇచ్చారో చదువుతారు, పెద్ద మొత్తం దగ్గర గొంతు కాస్త పెరుగుతుంది. ఉపవాస ప్రార్థనకు ఎవరు రాలేదు, సంపాదనలో పదోవంతు కానుక, దశమభాగం, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ కమిటీకి నోటికొచ్చు. పుణె, ముంబై పోయి ఏడాదికోసారి వచ్చే కుటుంబం ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తుంది? ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం పంచే బల్ల ఆదివారం చెప్పులు విడిచేచోట కూర్చొని, రొట్టె పళ్లెం వస్తే "మేం ఎప్పుడూ వచ్చెటోళ్లం కాదు గదా, వద్దులే అక్కా" అని పక్కకు జరిపే తల్లులున్నారు.

పొద్దున వచ్చినవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. గుడి ఊడ్చేది, జంపఖానాలు పరిచేది వాళ్లే. వాళ్ల ఎండబాధ నిజం, యజమాని కూడా కాదనలేదు. ఒప్పుకున్న దేనారంలో పైసా కోయలేదు. వాళ్లకు రగిలింది పక్కవాడి చేతిలో పడ్డది చూసి. 'నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా' అని ఆయన అడిగిందీ అందుకే. ఇంకో సంగతి, ఈ కథ యేసు తన శిష్యుడు పేతురుకిచ్చిన జవాబులో భాగం. అంతకుముందే పేతురు 'అన్నీ విడిచి నీ వెంట వచ్చాం, మాకేమి దొరుకుతుంది' అన్నాడు. అంటే లెక్కల పుస్తకం మొదట తెరిచింది ముందు వరుస మనిషే.

గృహనిర్వాహకుడికి యజమాని చెప్పిన క్రమం 'చివర వచ్చినవారు మొదలుకొని'. వచ్చే బల్ల ఆదివారం మన పెద్దలు పళ్లెం పట్టుకొని ముందు చెప్పుల దగ్గరికే పోతే ఏం పోతుంది? ముందు వరుసవాళ్లు కాసేపు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. కథలో కూడా వాళ్లను అలాగే కూర్చోబెట్టాడు.