ఉద్దాలు ఏలిన రాజ్యం

దీపావళి వెళ్లి కార్తికం రాగానే మా పాలమూరులో మాటలన్నీ కురుమూర్తి జాతర మీదికి మళ్లుతాయి. చిన్నచింతకుంట మండలంలో కొండ మీద వెలసిన వేంకటేశ్వరుడే మా కురుమూర్తి రాయుడు. బ్రహ్మోత్సవాల్లో జనం కళ్లన్నీ ఉద్దాల ఉత్సవం మీదే ఉంటాయి. ఉద్దాలంటే స్వామి పాదుకలు. చిన్నవడ్డెమాన్‌లో దళిత కుటుంబాలవారు ఉపవాసం ఉండి, నియమంతో వాటిని తోలుతో తయారుచేస్తారు. ఊరేగింపుగా వచ్చే ఆ చెప్పులను తలకు తాకించుకోవాలని జనం తోసుకుంటారు. సంస్థానాలు పోయి డెబ్భై ఏళ్లు దాటింది, ఈ తోపులాట మాత్రం తగ్గలేదు.

చెప్పులకు దండమేమిటని చిన్నప్పుడు మా నాయనమ్మను అడిగాను. "పద్నాలుగేళ్లు రాజ్యం చేసినవిరా అవి" అంది. అయోధ్యకాండలో భరతుడి మాట చదివాక గానీ ఆమె ఏమన్నదో నాకు తెలియలేదు.

అధిరోహార్య పాదాభ్యాం పాదుకే హేమభూషితే
ఏతే హి సర్వలోకస్య యోగక్షేమం విధాస్యతః

"అన్నా, బంగారంతో అలంకరించిన ఈ పాదుకల మీద నీ పాదాలు ఉంచు. లోకమంతటి యోగక్షేమాలను ఇవే చూసుకుంటాయి" అంటున్నాడు. 'నువ్వు చూస్తావు' అనలేదు, 'నేను చూస్తాను' అని అసలే అనలేదు. 'విధాస్యతః' ద్వివచనం, కర్త చెప్పుల జత!

లేనిది సమకూర్చడం యోగం, ఉన్నది కాపాడటం క్షేమం. రాజు పని ఈ రెండే. నీటికి మొహం వాచిన మా వైపు వాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చెరువు తవ్వించడం యోగం, కట్ట తెగకుండా చూడటం క్షేమం. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడులు ఉదయసముద్రం తవ్వించారు. ఆ రాజుల పేర్లు ఎందరికి గుర్తున్నాయో గానీ, చెరువు ఇప్పటికీ నీళ్లు పడుతోంది.

భరతుడు నందిగ్రామంలో నారచీరలు కట్టి, జడలు పెంచి, పాదుకలకు గొడుగు పట్టి, ప్రతి పనీ ముందు వాటికి విన్నవించి పాలించాడు. రాముడు తిరిగి రాగానే, రాజ్యాన్ని 'న్యాసం' అని పిలిచి అప్పజెప్పాడు. న్యాసమంటే దాచమని ఇచ్చిన సొత్తు. కోశం, ధాన్యాగారం, సైన్యం పదింతలు చేశానని లెక్క కూడా చెప్పాడు, అదీ "నీ తేజస్సు వల్లే" అంటూ.

పాలమూరు నుంచి ముంబయికి, పుణెకు వలస పోయేవాళ్లు ఇంటి తాళం, ముసలి తల్లిదండ్రులను పక్కింటివాళ్లకు అప్పగించి బస్సెక్కేవారు. ఆ తాళం చెవిని ఏళ్ల తరబడి మొలతాడుకు కట్టుకుని తిరిగిన పక్కింటి మనిషిని నేను ఎరుగుదును. ఆయన ఏ రోజూ ఆ ఇంట్లో పడుకోలేదు, వాన పడితే మాత్రం వెళ్లి కప్పు చూసి వచ్చేవాడు.

భరతుడు రాముడి పాదాలకు ఆ పాదుకలను తన చేతులతోనే తొడిగాడు. చిన్నవడ్డెమాన్‌లో రాబోయే కార్తికానికి కొత్త జత కుట్టాలి.