ఓడప్ప ఆచూకీ కోసం: డర్బన్‌లో నా అనుభవం

1890లలో మద్రాసు రేవులో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు కూలీగా వెళ్లిన మా తాతమ్మ, పదేళ్లు నిండాక ఉచిత ప్రయాణపు హక్కుతో విశాఖ జిల్లాకు తిరిగివచ్చింది; ఓడలో కలిసి, కూలీల బారకాసులో పక్కపక్కనే బతికిన స్నేహితురాలు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆవిడను మా ఇంట్లో ఓడప్ప, అంటే ఓడలో దొరికిన అక్క, అనేవారు. మగవాడికి నెలకు 10 షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం ఇచ్చే ఆ రోజుల్లో, తాతమ్మ బాలింత జ్వరంతో పనిలోకి వెళ్లలేక కూలీ, బియ్యం రెండూ ఆగిపోతే, ఓడప్ప తన వంతు గింజలే ఇద్దరికీ వండిందట.

ఉద్యోగరీత్యా డర్బన్ వచ్చాక ఓడ జాబితా చూడటం తేలికగానే అయింది. తాతమ్మ వలస సంఖ్యకు (ఒక్కో కూలీకి ఇచ్చిన నంబరు) మరుసటి వరుసలోనే ఓడప్ప పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, మా వాళ్లు చెప్పిన ఎడమ మోచేతి కాలిన మచ్చతో సహా ఉన్నాయి.

ఓడప్ప మరణ ధ్రువపత్రం అడిగిన దగ్గరే నాకు తలకొట్టేసినట్లయింది. దరఖాస్తులో బంధుత్వం అన్న గడిలో "మా తాతమ్మ స్నేహితురాలు" అని రాశాను. కిటికీ వెనకున్న ఉద్యోగి దాన్ని పైకి చదివి, పక్క ఉద్యోగిని పిలిచి మళ్లీ చదివించి, వరుసలో ఉన్నవారంతా నవ్వుతుండగా ఆ గడిని ఎర్ర సిరాతో కొట్టేసి, "నెత్తురు సంబంధం ఉంటే రండి" అని కాగితం నా మీదికి తోశాడు. పిల్లల తల్లిని, వయసులో ఆయనకంటే పెద్దదాన్ని. నోట మాట రాలేదు. కాగితంలో లేని బంధం చెల్లదనడం ఆ దేశానికి కొత్త కాదు. 1913లో అక్కడి కేప్ ప్రాంత న్యాయస్థానం క్రైస్తవేతర వివాహాలను గుర్తించనప్పుడు, మన ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి దిగి జైళ్లకు వెళ్లారు. వాళ్లు తలవంచలేదు కాబట్టి నేనూ వదల్లేదు.

అక్కడి తెలుగు పెద్దల ద్వారా ఓడప్ప మునిమనవరాలిని కనుక్కున్నాను. తనకు తెలుగు రాదు, అయినా "అక్కా" అని పిలిచి నా వెంట వచ్చింది. ఆమె సంతకం పెట్టగానే, అదే కిటికీలో అదే ఉద్యోగి మారుమాట లేకుండా దరఖాస్తు తీసుకున్నాడు. ఇలాంటి పని మీద వెళ్లేవారు ముందు వారసులను వెతుక్కోండి, వలస సంఖ్య రాసుకుని వెళ్లండి, జాబితాలో పై వరుసా కింది వరుసా కూడా చదవండి. ధ్రువపత్రం నకళ్లు రెండు తీసుకున్నాం. ఒకటి ఆమె దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి.