పిల్లల తలాపున

ఓడలో వచ్చిన మా సామాను అపార్ట్‌మెంట్ సెల్లారులో దిగిన రోజు మా చిన్నోడు ఒక చెక్కపెట్టె పక్కన కూర్చుని ఎంతకీ లేవలేదు. న్యూజెర్సీలో 12 ఏళ్ల సంసారం నాలుగు పెద్ద పెట్టెల్లో సర్దుకుని హైదరాబాద్ చేరింది. సామానంతా పైకి ఎక్కించాక వాచ్‌మన్ వచ్చి, "మేడం, ఈ కట్టెలు మేం తీసుకుంటం, పొయ్యిలకు పనికొస్తయ్" అన్నాడు. తీసుకోమన్నాను. చిన్నోడు ఒక్కసారిగా ఏడుపు అందుకున్నాడు. అప్పటికి వాడికి ఏడేళ్లు. "అందులో మన ఇల్లుంది" అన్నాడు ఇంగ్లిష్‌లో.

ప్లైవుడ్ పలకలు వాచ్‌మన్‌కి ఇచ్చి, చట్రానికి వాడిన పైన్ పట్టీలు మాత్రం ఉంచుకున్నాం. ఏడాదిపాటు అవి బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక నిలబడి ఉన్నాయి. దుమ్ము దులిపినప్పుడల్లా పారేద్దామనుకునేదాన్ని. వాడి మొహం గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

ఆ ఏడాది పిల్లలిద్దరూ మా అమ్మ గదిలోనే పడుకున్నారు. అక్కడ పుట్టిన ఆర్నెల్లకే ఇద్దరినీ వేరే గదిలో పడుకోబెట్టడం అలవాటు చేశాను. డాక్టరు చెప్పింది, పక్కింటివాళ్లు చెప్పారు, అందరూ చేసేదదే. ఇక్కడికి వచ్చాక వారం తిరక్కుండానే ఇద్దరూ అమ్మమ్మకి చెరో పక్క చేరిపోయారు. నేను వద్దనలేదు. మళ్లీ 12వ ఏట పెద్దదే వచ్చి, "అమ్మా, నాకు నా గది కావాలి" అని అడిగింది. చిన్నోడు అక్క ఏం చేస్తే అదే. మా అమ్మ మాత్రం నొచ్చుకుంది. "పిల్లలను ఒంటిగ ఎందుకే పండబెడ్తవ్? రాత్రి ఉలిక్కిపడి లేస్తే ఎవరుంటరు?" అంది. రెండు గదుల తలుపులూ రాత్రి తీసే ఉంచాలన్న షరతు మీద ఒప్పుకుంది.

హడావుడిగా కొన్న మూడడుగుల మంచాలు రెండు ఉన్నాయి, తల వైపు ఏమీ లేనివి. గోడకు ఆనుకుంటే సున్నం చల్లగా తగులుతుంది, దిండు సందులోకి జారిపోతుంది. షాపుల్లో చూసిన హెడ్‌బోర్డులు ఒకటీ నచ్చలేదు. అదే సమయంలో నల్లకుంటలో మా పుట్టింటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. పాత ఇల్లు పడగొట్టేవాళ్లు టేకు తలుపులు, కిటికీలు, ఇనుము అంతా లెక్కగట్టి తీసుకుపోతారని తెలిసి, ముందే వెళ్లి రెండు తెచ్చుకున్నాను. వీధి తలుపు రెక్క ఒకటి, దేవుడి గూటి తలుపు రెక్క ఒకటి. గడప కూడా తెద్దామనుకున్నాను. "కడప జోలికి పోకు. పసుపు రాసిన చెక్క" అంది అమ్మ. తెలంగాణలో మేం గడపను కడప అనే అంటాం. దాన్ని తీసుకెళ్లి గుడిలో ఇచ్చి వచ్చింది.

"హెడ్‌బోర్డుని తెలుగులో ఏమంటారు అమ్మమ్మా?" అని చిన్నోడు అడిగితే అమ్మ కాసేపు ఆలోచించింది. నులక మంచాలకు అలాంటిది ఉండదు కదా. "తలపెట్టే దిక్కును తలాపు అంటం బిడ్డా. ఇది తలాపు చెక్క అనుకో" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు తలాపు చెక్కే.

ఆ మాట వచ్చాక అసలు విషయం బయటికి వచ్చింది. తలాపు చెక్క బిగించామంటే తల ఏ దిక్కున పెట్టాలో ఖాయం చేసినట్టే. పెద్దదాని గదిలో ఖాళీగా ఉన్న గోడ ఒక్కటే, అది ఉత్తరం. అమ్మ చస్తే ఒప్పుకోనంది. పెద్దది ఫోన్‌లో కంపాస్ తీసి చూసి, "కొంచెం ఈశాన్యం కూడా ఉంది అమ్మమ్మా" అని బేరం పెట్టింది. కుదరలేదు. వినాయకుడికి తల వెతకడానికి వెళ్లినవాళ్లకు ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగు కనిపించిన కథ చెప్పింది అమ్మ. పిల్లలిద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. తర్వాత పెద్దది నా దగ్గరికి వచ్చి, "ఇది నిజమేనా?" అని అడిగింది. ఇలాంటి వాటికి అయస్కాంత శక్తి, రక్తప్రసరణ అంటూ సైన్సు అతికించి చెప్పేవాళ్లున్నారు. నాకది ఇష్టం లేదు. నాకే నమ్మకం లేని కారణం పిల్లలకి చెప్పకూడదు. "మన ఇంట్లో పెద్దవాళ్లు అలా పడుకోరు. అమ్మమ్మ మనసుకి కష్టంగా ఉంటుంది. అంతే నాన్నా" అన్నాను. దానికి అది చాలింది.

ఇక మిగిలింది దక్షిణం గోడ. అక్కడ కిటికీ ఉంది. నేల నుంచి కిటికీ గట్టు 36 అంగుళాలు, పరుపు పైభాగం 20. తలాపు చెక్కకి దొరికేది 16 అంగుళాలే.

వీధి తలుపు రెక్క చిన్నోడికని నేను మనసులో అనుకున్నాను. ఆకుపచ్చ రంగు, దాని మీద చాక్లెట్ రంగు, మళ్లీ ఆకుపచ్చ. చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి ఆ తలుపే తట్టేదాన్ని. రోజూ దాన్ని చూస్తూ వాడు నిద్రలేస్తే బాగుంటుందనిపించింది. ఒక ఆదివారం పొద్దున బాల్కనీలో సాండ్ పేపర్ తీసుకుని గీకడం మొదలుపెట్టాను. మాస్కు లేదు. పిల్లలిద్దరూ పక్కనే ఉన్నారు, చిన్నోడు రాలిన పచ్చపొడిలో వేలితో పేరు రాస్తున్నాడు.

"అమ్మా, ఆ పెయింట్ ఎప్పటిది?" అంది పెద్దది.

నా చెయ్యి ఆగిపోయింది. పాత ఎనామెల్ రంగుల్లో సీసం ఉండేది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు. మేం మొదట అద్దెకున్నది అంతకన్నా పాత ఇల్లు, చేరేటప్పుడే దాని గురించిన పుస్తకం చేతిలో పెట్టారు. ఇద్దరు పిల్లలకీ ఏడాది నిండాక ఒకసారి, రెండేళ్లు నిండాక ఒకసారి రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేశారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. మా తలుపు రంగు 70ల నాటిది. ఎదిగే పిల్లల మెదడుకి సీసం ఎంత చెరుపో అక్కడ అన్నేళ్లు విని కూడా, ఇది మా ఇంటి తలుపు కదా అని ఆ సంగతే మర్చిపోయాను. పిల్లల్ని లోపలికి పంపి, స్నానాలు చేయించి, బాల్కనీ అంతా తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను. పొడిగా ఊడ్చకూడదు, ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. మర్నాడు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాను, ఏమీ లేదని తేలాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. పాత తలుపులు ఇంటికి తెచ్చుకునేవాళ్లందరికీ చెబుతున్నాను: రంగున్న చెక్కని పొడిగా గీకకండి. రంగు వేయని చెక్క దొరికితే అదే తీసుకోండి. తప్పదనుకుంటే ఇంటి బయట, తడిపి, సీసం దుమ్ముని ఆపే ఎన్100 మాస్కు పెట్టుకుని, పిల్లలు లేనప్పుడు చేయండి.

ఆ రెక్కని ప్లాస్టిక్ షీట్‌లో చుట్టేస్తుంటే ఏడుపొచ్చింది. చిన్నోడు వచ్చి నా పక్కన కూర్చుని, "నాకు నా పెట్టె ఉంది కదా అమ్మా" అన్నాడు. ఏడాది నుంచీ వాషింగ్ మెషీన్ వెనక ఉన్న ఆ పట్టీల సంగతి వాడొక్క రోజు కూడా మర్చిపోలేదన్నమాట.

వాటి మీద నల్లటి ముద్ర ఉంది. పక్కన గోధుమ కంకిలాంటి బొమ్మ, అమెరికాకి 'యూఎస్', కింద 'హెచ్‌టీ'. దేశాలు దాటే చెక్కలో పురుగులు ఉండకుండా వేడి చేశారని దానర్థం. అక్కడ 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే మందు పట్టించారని అర్థం, అలాంటి చెక్క పిల్లల గదిలోకి రానివ్వకూడదు. మావన్నీ హెచ్‌టీ.

అమ్మకి తెలిసిన వడ్రంగి ఒకాయన వచ్చాడు, మెదక్ వైపు పెద్దమనిషి. పిల్లలు అంకుల్ అంటే అమ్మ వెంటనే, "తాత అనుండ్రి" అంది. ఆయన మొదట అయస్కాంతం తీసుకుని చెక్కలన్నిటి మీదా నెమ్మదిగా జరిపాడు. విరిగిన మేకులు మూడు బయటపడ్డాయి. అమ్మ భయం వేరు: "పాత కట్టెల నల్లులుంటయ్." నాలుగు రోజులు డాబా మీద మండుటెండలో పెట్టి, సందులన్నీ టార్చి వేసి చూసింది.

పైన్ పట్టీ ఒక్కోటి మూడున్నర అంగుళాల వెడల్పు. పది నిలబెడితే 35. మంచం 36. "సందుకొక సూత్ ఇడువు బిడ్డా" అన్నాడు తాత. సూత్ అంటే ఏంటని చిన్నోడు అడిగాడు. అంగుళంలో ఎనిమిదో వంతు అని టేపు మీద వేలితో చూపించాడాయన. వాడి మొహం వెలిగిపోయింది. అక్కడ స్కూల్లో వాడు నేర్చుకున్నవన్నీ అంగుళాలే. ఇక్కడికి వచ్చాక పుస్తకాల్లో అన్నీ సెంటీమీటర్లు, స్కేలు మీద ఎటు వైపు చూడాలో తెలియక లెక్కల్లో మార్కులు పోయాయి. క్లాసులో వాడొక్కడే తప్పు చేస్తున్నట్టు ముడుచుకుపోయేవాడు. ఇప్పుడు ఈ తాత వాడి భాషలో మాట్లాడుతున్నాడు.

"పది పట్టీలకి తొమ్మిది సందులు. తొమ్మిది సూత్‌లు" అన్నాడు వాడు, వేళ్లు మడుస్తూ. "ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం. ఒక సూత్ ఎక్కువైంది తాతా!"

"అయితే ఆఖరి పట్టీకి ఒక సూత్ చిత్రిక పట్టాలె" అని తాత చిత్రిక వాడి చేతికిచ్చి, పైన తన చెయ్యి వేశాడు. సన్నటి పొర ఉల్లిపొరలా చుట్టుకుని లేచింది. ఆ పొర ఇప్పటికీ వాడి పెన్సిల్ డబ్బాలో ఉంది.

పెద్దది నల్లకుంట సామాన్లలో ఏదీ అడుగుతుందని నేను అనుకోలేదు. ఇక్కడికి రావడం ఇష్టం లేక మొదటి ఆర్నెల్లూ నాతో సరిగా మాట్లాడని పిల్ల. ఒకరోజు దేవుడి గూటి తలుపు ముందు నిలబడి, గళ్లలో వేలాడుతున్న చిన్న ఇత్తడి గంటల్ని ఒక్కొక్కటే తట్టి వింటోంది. టేకు రెక్క, ఎన్నడూ రంగు ఎరగనిది, నూనె పట్టి నల్లగా మెరిసేది. 16 అంగుళాల వెడల్పు, నాలుగడుగుల పొడవు. అడ్డంగా తిప్పితే పరుపుకీ కిటికీ గట్టుకీ మధ్య సరిగ్గా సరిపోతుంది. అది టేపు పెట్టి కొలుచుకుని మరీ వచ్చింది.

నేను అమ్మ వైపు చూశాను. దేవుడి తలుపు మంచానికా అని అమ్మ మొహం మారిపోయింది.

"అమ్మమ్మా, దాని వైపు కాళ్లు పెట్టను కదా. తలే కదా తగిలేది. గుడిలో కూడా తలే ఆనిస్తాం కదా" అంది పెద్దది, తప్పుల్లేని తెలుగులో, ఒక్కో మాట కూడబలుక్కుంటూ.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంపం పెట్టొద్దు" అంది. అంతే.

అందుకే అది మంచం కంటే ఒక అడుగు పక్కకి సాగి ఉంటుంది. ఆ అడుగు కింద చిన్న బల్ల, దాని మీద లైటు, పుస్తకాలు. అడ్డంగా తిప్పాక గంటల కొక్కేలు విప్పి మళ్లీ పై అంచుకి బిగించాలి. రెండు కొక్కేలు విరిగిపోతే ఆదివారం ఎర్రగడ్డ సంతకి వెళ్లి, పాత ఇనుప సామాన్ల కుప్పల్లో అరపూట వెతికి అలాంటివే పట్టుకొచ్చాం. అక్కడి గరాజ్ సేల్ గుర్తొచ్చిందన్నారు ఇద్దరూ. బరువైన టేకు కాబట్టి మేకులకి వేలాడదీయలేదు. తాత ఒక పట్టీని ఏటవాలుగా నిలువునా కోసి, సగం గోడకి, సగం చెక్క వెనక బిగించాడు. ఒకదాని మీద ఒకటి కూర్చుంటే ఎంత లాగినా ముందుకి రాదు. పిల్లల తల దగ్గర ఉండే వస్తువుకి నేను ఒప్పుకునే పద్ధతి ఇదొక్కటే. చిన్నోడిదైతే మంచం కోళ్లకే నాలుగు బోల్టులు పెట్టి బిగించేశాం.

ముద్ర పైకి కనబడేలా పెట్టాలని వాడి పట్టు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దాన్ని చదవబోయి, ఏంట్రా ఇది అని అడిగింది.

"ఈ చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల్లో అరగంట వేడి చేశారు అమ్మమ్మా. పురుగులు ఈ దేశం నుంచి ఆ దేశం పోకుండా."

"ఇడ్లీ లెక్క ఉడకబెట్టిన్రా?"

"ఆ. అలాగే."

అమ్మ ఆ ముద్ర మీద అరచెయ్యి పెట్టి చూసింది, వాడికి జ్వరమొచ్చినప్పుడు నుదురు ముట్టుకుని చూసినట్టు. ఆ రాత్రి తలుపులు రెండూ తీసే ఉన్నాయి. పెద్దది పక్కకి తిరిగి పడుకున్నప్పుడు ఒక గంట సన్నగా మోగింది. అవతలి గదిలోంచి అమ్మ, "నిద్ర పట్టలేదా బిడ్డా?" అంది.

"పడుతోంది అమ్మమ్మా" అంది అది.