ఆరున్నరకి ఆఫీస్ పని దానంతటదే మూతపడేలా పెట్టుకున్నా: నా అనుభవం

ఆఫీస్ పనికీ సొంత పనికీ ఒకటే ల్యాప్‌టాప్ అయితే పని ఎప్పుడు అయిపోయిందో ఎవరూ చెప్పరు, రాత్రి పాటలు వింటుంటే కూడా మూలన మెయిల్ వచ్చి కూర్చుంటుంది, ఒక్కటి చూసి మూసేద్దాం అనుకుంటే గంట పోతుంది. అందుకే ఆ టైమ్ సంగతి నా మనసుకి వదిలేయకుండా విండోస్‌లో ఉండే, చెప్పిన టైమ్‌కి ప్రోగ్రాములు తనంతట తనే నడిపే టాస్క్ షెడ్యూలర్‌కి అప్పజెప్పా. దీనికి కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

సోమవారం నుంచి శుక్రవారం వరకు మూడు టాస్కులు పెట్టా. పొద్దున తొమ్మిదికి మెయిల్, చాట్, ఆఫీస్ బ్రౌజర్ ఓపెన్ అవుతాయి. సాయంత్రం ఆరుంబావుకి ఒక హెచ్చరిక. ఆరున్నరకి అన్నీ క్లోజ్. హెచ్చరికకి డిస్‌ప్లే ఎ మెసేజ్ అనే ఆప్షన్ కనిపిస్తుంది కానీ పక్కనే డిప్రికేటెడ్ (అంటే పాతబడింది, ఇక వాడొద్దు) అని ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు, రెండు లైన్ల బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా రాసుకునే ఫైల్) రాసి చివర పాజ్ అనే కమాండ్ పెడితే నల్ల విండో వచ్చి మనం ఏదో ఒక కీ నొక్కేదాకా అలాగే ఉంటుంది, నాకు అది చాలు.

క్లోజ్ చేయడానికి టాస్క్‌కిల్ కమాండ్. దీనికి స్లాష్ ఎఫ్ (/F) తగిలిస్తే సేవ్ చేయని ఫైల్ ఉన్నా అడక్కుండా చంపేస్తుంది, అది లేకపోతే మనం క్రాస్ బటన్ నొక్కినట్టే, సేవ్ చేయాలా అని అడుగుతుంది. అందుకే డాక్యుమెంట్లు ఉండేవాటికి స్లాష్ ఎఫ్ వాడను. చాట్ యాప్ మాత్రం మామూలుగా మూస్తే కింద ట్రేలోకి వెళ్లి నోటిఫికేషన్లు పంపుతూనే ఉంటుంది కాబట్టి దానికొక్కదానికే స్లాష్ ఎఫ్ పెట్టా. బ్రౌజర్ విషయంలో ఇంకో తిరకాసు ఉంది, ఒకే బ్రౌజర్‌లో రెండు ప్రొఫైల్స్ పెట్టుకున్నా టాస్క్‌కిల్ ప్రోగ్రామ్ పేరు చూసి అన్నిటినీ మూసేస్తుంది, మన సొంత ట్యాబులు కూడా పోతాయి. ఆఫీస్‌కి ఎడ్జ్, సొంతానికి ఫైర్‌ఫాక్స్ అని విడగొట్టాక ఆ గొడవ లేదు.

అసలు శ్రద్ధగా చూడాల్సింది కండిషన్స్ ట్యాబ్. కంప్యూటర్ ఛార్జింగ్‌లో ఉంటేనే టాస్క్ మొదలవ్వాలి అన్న టిక్ ముందే పెట్టి ఉంటుంది, అది తీయకపోతే బ్యాటరీ మీద ఉన్నప్పుడు టాస్క్ రన్ అవదు, రన్ అవలేదని స్క్రీన్ మీద ఏమీ రాదు కూడా. తర్వాత సెటింగ్స్‌లో, టైమ్ మిస్ అయితే వీలైనంత త్వరగా రన్ చెయ్ అని ఒకటుంది. పొద్దున టాస్క్‌కి అది ఆన్ చేయండి, లేటుగా ల్యాప్‌టాప్ తెరిచినా పని సామాను రెడీగా ఉంటుంది. సాయంత్రం టాస్క్‌కి మాత్రం ఆన్ చేయొద్దు, ఆరున్నరకి ల్యాప్‌టాప్ స్లీప్‌లో ఉంటే మర్నాడు పొద్దున తెరవగానే అప్పుడే ఓపెన్ అయిన మెయిల్‌ని మూసేసే ప్రమాదం ఉంది. యూజర్ లాగిన్ అయి ఉన్నప్పుడే రన్ అవ్వాలి అన్నదే ఎంచుకోండి, లాగిన్ అయినా కాకపోయినా రన్ అవ్వాలి అన్న రెండోది పెడితే ప్రోగ్రామ్ వెనకాల నడుస్తుంది గానీ విండో కనపడదు. ఇంకోటి, చాట్ యాప్‌ని టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ లిస్టు నుంచి డిసేబుల్ చేయకపోతే శనివారం లాగిన్ అవగానే తనంతట తను వచ్చేస్తుంది, అప్పుడు ఇంత కష్టం వృథా.

లినక్స్ వాళ్లకి ఇదే పని క్రాన్ అనే షెడ్యూలర్‌తో అవుతుంది, 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది అది, కాకపోతే ఆ టైమ్‌కి మెషీన్ ఆఫ్‌లో ఉంటే మామూలు క్రాన్ ఆ పని వదిలేస్తుంది.

నిజంగా అర్జంట్ పని ఉన్న రోజు సాయంత్రం టాస్క్ మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ కొడతా. మళ్లీ ఎనేబుల్ చేసే లైన్‌ని పొద్దున తొమ్మిదింటి బ్యాచ్ ఫైల్‌లోనే పెట్టేశా, కాబట్టి ఆ మినహాయింపు ఆ ఒక్క పూటకే.