పాలకూర కడిగితే పోయేదీ పోనిదీ

మొన్న పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున తెలిసినవాళ్ల పొలానికి వెళ్లొచ్చాను. నీళ్ల మీద నురగ, గట్టు వెంట పశుగ్రాసం, కాస్త అవతల నిగనిగలాడే పాలకూర. చూడ్డానికి ఏ లోపమూ లేదు, టెన్షన్ అంతా అందుకే: మురుగునీళ్లతో వచ్చే కాడ్మియం, సీసం లాంటి విషలోహాలు కంటికి కనబడవు.

కాడ్మియం కోసమని మొక్క వేరులో ప్రత్యేకంగా దారేమీ ఉండదు, జింకు, ఇనుము, మాంగనీసు లాంటివాటిని లోపలికి తీసుకునే ప్రోటీన్ల గుండానే అదీ దూరిపోతుంది, పిలవని పెళ్లికి బంధువుల గుంపులో కలిసి వచ్చేసినవాడిలా. వరిలో ఆర్సెనిక్ అనే ఇంకో విషం అయితే సిలికాన్ లోపలికెళ్లే దారి పట్టుకుంటుంది. వచ్చిన కాడ్మియంలో కొంత వేరు కణాల్లోని వాక్యూల్ అనే సంచుల్లో బందీ అయిపోతుంది, మిగతాది నీటితోపాటు పైకెక్కి ఆకుల్లో చేరుతుంది. అందుకే ఆకుకూరలంటేనే ఎక్కువ భయం. సీసం చాలావరకు వేరు దగ్గరే ఆగిపోతుంది, ఆకుల మీద ఉండేది ఎక్కువగా దుమ్ముతో పడేదే కాబట్టి కడిగితే కొంత పోతుంది. ఆకు లోపలికి చేరిన కాడ్మియాన్ని ఎన్నిసార్లు కడిగినా ఏం లాభం?

వరితో ఇంకో తలనొప్పి. మడిలో నీళ్లు నిలబెడితే గింజలో కాడ్మియం తగ్గి ఆర్సెనిక్ పెరుగుతుంది, ఆరబెడితే సరిగ్గా తిరగబడుతుంది. ఆమ్ల నేలల్లో సున్నం వేస్తే కాడ్మియం కాస్త తక్కువ ఎక్కుతుంది, నిజమే. కానీ పైనుంచి వచ్చే మురుగును వదిలేసి, దాన్ని కలపని రైతుకి ఈ సలహాలన్నీ చెప్పడం నాకైతే అస్సలు నచ్చదు.