మెడ మీద నలుపు మట్టి కాదు

తొమ్మిదేళ్ల మావాడి మెడ వెనక నల్లటి చార కనబడితే రెండు నెలలు సున్నిపిండితో రుద్దినం, నిమ్మచెక్కతో తోమినం. చర్మం మండింది గానీ నలుపు పోలేదు. తాకితే మఖమల్ గుడ్డలెక్క మందంగా ఉంటది. అది మురికి కాదు. బరువు ఎక్కువై ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక, ఎక్కువెక్కువ ఊరుతుంటే వచ్చే గుర్తు. చంకల్లోనూ చూడాలె.

నల్లగొండలో పిల్లల డాక్టర్ ముందు నడుముకు టేపు చుట్టిండు. 78 సెంటీమీటర్లు. ఎత్తు 138. నడుము ఎత్తులో సగం దాటొద్దు, అంటే 69 లోపు ఉండాలె. బరువు 48 కిలోలు, దాన్ని మీటర్లలో ఎత్తు 1.38తో రెండుసార్లు భాగిస్తే 25.2. ఎత్తుకు తగ్గ బరువు చూసే ఈ లెక్కనే బీఎంఐ అంటరు. ఆ వయసుకు అది ఊబకాయమే. పెద్దల చార్టుతో పిల్లలను కొలవొద్దు.

థైరాయిడేమో అన్నరు చుట్టాలు. థైరాయిడ్ తక్కువైతే మామూలుగా ఎత్తు పెరగడం మందగిస్తది; వీడు తోటివాళ్ల కంటే రెండంగుళాలు పొడుగే. షుగర్, కొవ్వు, లివర్ పరీక్షలు మాత్రం చేయించినం.

బరువు తగ్గించుడు కాదు, అక్కడే ఆపుడు మా లెక్క. పిల్లాడు పొడుగైతుంటే అదే బరువు ఒంటికి సర్దుకుంటది. పస్తు పెడితే రాత్రి డబ్బాలు వెతుకుతడు, దొరికింది దాచుకొని తింటడు.

మార్పు మొదలైంది నూనె ప్యాకెట్ నుంచి. విప్పిన తేదీ పెన్నుతో దాని మీదే రాస్తం. నలుగురికి లీటరు పన్నెండు రోజులు రావాలె. మొదటి నెల ఏడో రోజుకే అయిపోయింది. పోపుకు నూనె గిన్నెతో వంపకుండా చెంచాతో కొలిస్తేనే తేడా వచ్చింది. పాలల్లో బలం పౌడర్ పూర్తిగా మానిపించినం. చక్కెర రెండు చెంచాల నుంచి వారానికి అర చెంచా చొప్పున దించినం, ఒక్కసారే తీసేస్తే గ్లాసు పారబోస్తడు. కూల్‌డ్రింక్ పావులీటరు సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటది, అది ఇంట్లకే రాదు. బత్తాయిలకు మాకేం కొదువ? కానీ జ్యూస్ వద్దు. మూడు కాయలు పిండితే ఒక గ్లాసు, అది ఒక్క గుక్క. అదే తొనలు ఒలుచుకొని తింటే ఒక కాయకే కడుపు నిండుతది.

జొన్నరొట్టె విషయంలో మేమూ మోసపోయినం. ఎంత తిన్నా లావు కారని నాలుగు పెట్టేది. జొన్నపిండికి, బియ్యానికి కేలరీల్లో పెద్ద తేడా లేదు. నమిలి తినాలె కాబట్టి మెల్లగా పోతది, అంతే. ఇప్పుడు రాత్రి ఒకటిన్నర, పక్కన పప్పు, ఆకుకూర. పొద్దటి బువ్వకు ముందు దోసకాయ ముక్కలు. సాయంత్రం ఉడికిచ్చిన పల్లీలు ఒక్క పిడికెడే. గిన్నె ముందు పెడితే లెక్క తప్పుతది. "పిలగాన్ని ఎండబెడుతున్నరు" అని నాయినమ్మ ఇప్పటికీ అంటది. ఆమె చేతి సర్వపిండి ఆదివారానికి మాత్రం ఉంచినం, లేకుంటే యుద్ధమే.

వ్యాయామం మాటకొస్తే, పరుగు పెట్టించుడు మేం చేసిన తప్పు. లావు పిల్లాడు అందరి కంటే వెనక పడ్డంక రెండోరోజు రాడు. తొడలు ఒరుసుకొని ఎర్రగైతయి. నిక్కరు లోపల బిగుతు కాటన్ షార్ట్, కొంచెం కొబ్బరినూనె ఉంటే ఆ బాధ తప్పుతది. స్కిప్పింగ్ మొదట్లోనే పెడితే మోకాళ్లు నొప్పి. సైకిల్ మేలు. రోజుకు 15 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 పెంచితే తొమ్మిది వారాలకు గంట అయితది, దాన్ని ముక్కలు చేసుకున్నా ఫర్వాలేదు. తొక్కుతూ మాట్లాడగలగాలె, పాట మాత్రం పాడలేనంత ఊపు ఉండాలె. మా ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు లోపే.

మనసు పెట్టింది కబడ్డీతో. పట్టేటోడు బరువుంటే జట్టుకు లాభం. మొదటిసారి పిల్లలే వచ్చి "వాణ్ణి పంపుండ్రి" అని అడిగిన్రు. అప్పటి నుంచి మేం లేపే పని లేదు.

దసరా నెలల కిలోన్నర పెరిగిండు. మర్నాడు మాడ్చలేదు, పాత పద్ధతిలోకే వచ్చినం. ఏడాదికి ఎత్తు 144, బరువు అదే 48, నడుము 71. బీఎంఐ లెక్క 23.1కి దిగింది. గురక తగ్గింది. మెడ మీద నలుపు సగం పోయింది, చంకల్లో ఇంకా ఉంది. మూడు నెలలకోసారి టేపు పెడుతున్నం.